గాలిమోటారుకు పెట్టిన ప్రస్థానం

సిద్దిపేట నుంచి హైదరాబాదుకు రోడ్డు మీద అరవై నాలుగు మైళ్లు. హైదరాబాదు నుంచి మద్రాసుకు గాలిలో మూడు వందల ఇరవై. మొదటి దూరానికి బొగ్గు బస్సులో ఏడు గంటలు పట్టేది, రెండోదానికి విమానంలో రెండున్నర గంటలు చాలన్నారు. పందొమ్మిది వందల నలభై ఎనిమిది ఎండాకాలంలో, నాకు పన్నెండేళ్లప్పుడు, ఈ లెక్క పలక మీద వేశాను. విమానం గంటకు నూట ఇరవై ఎనిమిది మైళ్లు పోతుందనీ, మా బస్సు తొమ్మిది మైళ్లు పోతుందనీ తేలింది.

బాపు పలక చూసి, "బస్సుకు ఎక్కువేసినవ్ బిడ్డా. ఎత్తు వస్తే మనమే దిగి నూకాలె గద" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఆ లెక్క వేయమన్నది అవ్వ. మా వైపు అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలుస్తాం. గురువారం బస్సెక్కి, శుక్రవారం పొద్దున విమానమెక్కితే శనివారానికి మద్రాసులో ఉంటానా ఉండనా అన్నదొక్కటే ఆమెకు కావాలి. ఉంటావని చెప్పాను. శుక్రవారం మధ్యాహ్నం అన్నం వేళకే చేరతావు, ఇంకా ఒక పూట మిగులుతుంది అని కూడా చెప్పాను.

అక్క నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. బావ మద్రాసులో ఒక బట్టల కంపెనీలో గుమాస్తా. అక్కకు కడుపులో గడ్డ లేచింది. శనివారం పొద్దున ఆపరేషన్ చేస్తామని, ఆ రోజు దాటితే మనిషి దక్కదని డాక్టర్లు చెప్పారు. అక్క మాత్రం, అవ్వ వచ్చి పక్కన నిలబడితే తప్ప బల్ల ఎక్కనని మొండికేసింది. బావ ఇచ్చిన తంతిని పోస్టాఫీసులో చదివించుకుని బాపు ఇంటికి వచ్చేసరికి ఆయన చేతిలో ఆ కాగితం తడిసిపోయి ఉంది.

రైలుదారి ఉంది. కాజీపేట, బెజవాడల మీదుగా చుట్టు తిరిగి దాదాపు ఐదు వందల మైళ్లు. మంచి రోజుల్లో ఒక రాత్రి, ఒక పగలు. అవి మంచి రోజులు కావు. హైదరాబాదు సంస్థానం చుట్టూ సరిహద్దు బిగుసుకుపోయింది. రైళ్లను మధ్యలో ఆపి సోదాలు చేస్తున్నారని, ఆగిన రైలు మళ్లీ ఎప్పుడు కదులుతుందో ఎవరూ చెప్పలేరని తిరిగి వచ్చినవాళ్లు చెప్పేవారు. తిరిగి రానివాళ్ల సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. అందుకని హైదరాబాదులో ఉన్న మా మేనమామ తిరగని చోటు లేకుండా తిరిగి విమానంలో ఒక్క సీటు సంపాదించాడు. టికెట్టును కవరులో పెట్టి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాడు. ఇంకొన్నాళ్లకు ఈ విమానాలు కూడా ఆగిపోతాయట, ఇదే దొరకడం ఎక్కువ అని కబురు చెప్పించాడు.

అవ్వ అప్పటికి హైదరాబాదును రెండుసార్లు చూసింది. అంతకు మించి ఎటూ పోలేదు. విమానాన్ని మా వీధిలో గాలిమోటారు అనేవారు. అది ఎక్కబోతున్నదని తెలిసి చూడడానికి వచ్చిన ఆడవాళ్లకు లెక్క లేదు.

"గాల్లె ఉన్నప్పుడు ఒంటికి వస్తే ఏం జేస్తవే?" అని అడిగింది పక్కింటి పెద్దమ్మ.

"రెండున్నర గంటలే గదక్కా. బట్టల అంగట్ల బేరమాడినంత సేపు."

"గట్లయితే మా ఇంటాయన దగ్గర బేరమాడినట్టు ఆడకు. పొద్దు గూకుతది."

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. గోడకు గోడ ఆనుకుని ఉన్న ఇల్లు. వాళ్లది బట్టల దుకాణం. ఆమె నవ్వుతూనే ఉంది కాని, కళ్లు మాటిమాటికీ వీధి వైపు పోతున్నాయి. ఎదురుగా చాయ్ కొట్టు బల్ల మీద ఖాకీ చొక్కా మనిషి ఒకడు మూడు రోజులుగా కూర్చుంటున్నాడు. పెద్దమ్మ చిన్న కొడుకు చదువు వదిలిపెట్టి, సర్కారుకు ఎదురు తిరిగినవాళ్లలో కలిశాడు. అంతకు ముందు వారం నలుగురు ఖాకీ చొక్కాలవాళ్లు దుకాణానికి వచ్చి, "కొడుకు దొరకకుంటే బాపు దొరుకుతడు, బాపు దొరకకుంటే కోడండ్లు దొరుకుతరు" అని చెప్పి, చాయ్ తెప్పించుకుని తాగి పోయారు. అప్పటి నుంచి ఆ ఇంట్లో వాళ్లు గట్టిగా మాట్లాడుకోవడం మానేశారు. గోడ ఇవతల మాకు పిల్లల ఏడుపు కూడా వినిపించేది కాదు.

గురువారం దక్షిణానికి శూల. సిద్దిపేటకు హైదరాబాదు దక్షిణం. శూల ఉన్న దిక్కుకు ఆ రోజు ప్రయాణం కట్టకూడదు. కాని బుధవారమే పోతే మామ ఇంట్లో అదనంగా ఒక రోజు ఊరికే కూర్చోవాలి, ఆ రోజుల్లో పట్నంలో అదనంగా ఒక్క పూట ఉండడం కూడా క్షేమం కాదు. ఇలాంటి చిక్కులకు మా వైపు ప్రస్థానం పెట్టేవారు. మంచి గడియలో ప్రయాణపు మూట ఒకటి కట్టి, పోవలసిన దిక్కులో ఉన్న వేరే ఇంట్లో ఉంచడమే ప్రస్థానం. మూట గడప దాటితే మనిషి బయలుదేరినట్టే లెక్క. తరువాత మనిషి ఎప్పుడు బయలుదేరినా, దారిలో ఆ ఇంటి ముందు ఆగి మూట తీసుకుని పోవాలి. మూట మాత్రం మళ్లీ తన ఇంటికి తిరిగి రాకూడదు. వస్తే ప్రయాణం చెడిపోతుంది.

మూటలో ఏం పెట్టాలని అవ్వ అడిగితే, గడియ చూసి చెప్పిన పురోహితుడు, అయ్యగారు, కోప్పడ్డాడు.

"అందరు పాత గుడ్డ పెట్టి ముహూర్తాన్ని మోసం జేస్తరు. ఏది లేకుంటే నీ ప్రయాణం సాగదో గది పెట్టాలె."

అవ్వ ఏ పని చేసినా చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. కొత్త చీర మడతలో పసుపు బియ్యం, పోకచెక్క పెట్టింది. ఆ పైన విమానం టికెట్టు పెట్టి ముడి వేసింది. బుధవారం పొద్దున మూటను దక్షిణం పక్కనున్న పెద్దమ్మ ఇంట్లో దేవుడి గూటి కింద ఉంచి వచ్చింది. ప్రస్థానం మూటలో ఏముందని అడగడం మర్యాద కాదు కనుక పెద్దమ్మ అడగలేదు. అవ్వ చెప్పలేదు.

గురువారం తెల్లవారుతుండగా మా కొట్టంలో బర్రె అరిచింది. మాకు బర్రె లేదు.

బాపు లాంతరు తీసుకుని పోయి చూశాడు. అది పెద్దమ్మ వాళ్ల బర్రె. పాలు పిండలేదు, పొదుగు రాయిలా ఉంది. మెడ పలుపు మా గుంజకు రెండు ముడులు వేసి కట్టి ఉంది. ముందు ఇంత చొప్ప కూడా వేసి ఉంది. మేం వీధిలోకి వచ్చి చూశాం. పెద్దమ్మ వాకిట్లో పేడనీళ్ల సాన్పి చల్లలేదు. తలుపుకు అరచేతి మందం తాళం వేలాడుతోంది. బండి చక్రాల జాడ వాకిలి నుంచి ఉత్తరం వైపు, బెజ్జంకి తోవ పట్టి పోయింది. బెజ్జంకిలో పెద్దమ్మ తమ్ముడు ఉన్నాడు. అక్కడి నుంచి కరీంనగరం, పెద్దపల్లి, ఆపైన రైల్లో చాందా. చాందా చేరితే సర్కారు చేయి దాటినట్టే. మాకు చెప్పలేదు. చెప్పి ఉంటే మేం కూడా ఇరుక్కునేవాళ్లం. పాలిచ్చే గొడ్డును కట్టేసి పోవడమే చెప్పడం.

ఖాకీ చొక్కా మనిషి ఇంకా బల్ల దగ్గరికి రాకముందే, అవ్వ చీపురు తెచ్చి మొదట ఆ చక్రాల జాడ ఊడ్చేసింది. తరువాత వాళ్ల వాకిట్లో తానే సాన్పి చల్లింది. లోపలికి వచ్చాక గాని మూట సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

"బర్రెను తెచ్చి కట్టిన మనిషికి మూట తెచ్చిచ్చుడు చేత కాలేదా?" అన్నాడు బాపు.

"ఎట్ల తెస్తది? మన ఇంట్లకు మల్లొస్తే నా ప్రయాణం చెడ్తదని గద లోపలుంచింది," అంది అవ్వ. "ఆమె మంచే చేసింది."

బాపు గొడ్డలి తీశాడు. తాళం పగలగొడతానన్నాడు. అవ్వ ఆయన చేయి పట్టుకుంది.

"పగలగొడ్తే?"

"టికెట్ దొరుకుతది. నీ బిడ్డ కాడికి పోతవ్."

"ఇల్లు ఖాళీ అని గా ఖాకీ చొక్కోడు చూస్తడు. బండి ఎంత దూరం పోయుంటది ఇప్పటికి?"

ఆ ప్రశ్న నాకు. బెజ్జంకి పద్దెనిమిది మైళ్లు. ఎద్దుల బండి గంటకు మూడు మైళ్లు. కోడి కూతకు ముందు బయలుదేరి ఉంటే పొద్దు బాగా ఎక్కిన తరువాత గాని చేరదు. గుర్రం మీద పోయినవాడు గంటన్నరలో పట్టుకుంటాడు. లెక్క పలక మీద వేసి చూపించాను.

వెనక పెరట్లో నుంచి పెంకులు తీసి నన్ను లోపలికి దించుదామన్నాడు బాపు. అవ్వ దానికీ ఒప్పుకోలేదు. లోపల చప్పుడైతే మనుషులున్నారనుకుని వాడే వచ్చి తలుపు కొడతాడు, ఎవరూ పలకకపోతే పగలగొడతాడు అంది.

"మరి నీ బిడ్డ?" అన్నాడు బాపు.

అవ్వ ట్రంకు పెట్టె మూసి గొళ్లెం పెట్టింది. "పేరు రాసుకొనే ఉంటరు గద. టికెట్ పోయిందని కాళ్లు పట్టుకుంట. బస్సుకు పోదాం పాండ్రి," అంది. నన్ను ఆ వీధిలో ఒంటరిగా వదలడానికి ఇద్దరికీ మనసొప్పలేదు. బర్రెను చూడమని వెనకింటివాళ్లకు చెప్పాం, నేనూ బయలుదేరాను.

బయటికి రాగానే ఖాకీ చొక్కా మనిషి బల్ల మీద నుంచి లేచాడు. చాయ్ గ్లాసు చేతిలోనే ఉంది.

"ఏందవ్వా, పక్కింటోళ్లు కనవడ్తలేరు?"

"పెండ్లికి పోయిన్రు. కుకునూరుపల్లికి," అంది అవ్వ. కుకునూరుపల్లి దక్షిణాన ఉంది.

"ఇంటిల్లిపాదా?"

"పిలిచిన్రు, పోయిన్రు. మా అసుంటోళ్లను పిలువరాయె."

"బర్రెను గూడ పిలిచిన్రా? ఇంతకు ముందే మీ కొట్టంల అరిచింది."

"పాలు మమ్ముల పిండుకొమ్మన్నరు. నీకు గావాల్నా ఓ గిలాసెడు?"

వాడు నవ్వాడు. నవ్వి, మేం ఎక్కిన బస్సే ఎక్కాడు.

పదిహేను మైళ్ల ప్రయాణం. నా ముందు సీటులో వాడి మెడ. మెడ మీద చెమట కారి కాలరు నల్లబడింది. బస్సు వెనక బొగ్గు పొయ్యి బుసబుసమంటోంది. ఎత్తు దగ్గర మగవాళ్లు దిగి నూకినప్పుడు వాడు కూడా దిగి, బాపు పక్కనే నిలబడి నూకాడు. మళ్లీ ఎక్కి కూర్చుని, వెనక్కి తిరిగి అడిగాడు.

"పెండ్లి ఎవరింట్లనవ్వా?"

"మా బలగం కాదు బిడ్డా, ఆళ్ల బలగం. బాజాలు ఏడ మోగుతె గాడికే పో."

పెండ్లిళ్ల రోజులు. ఆ ఊళ్లో ఎక్కడో ఒక చోట బాజాలు మోగాలని నేను లోపల మొక్కుకుంటూనే ఉన్నాను. కుకునూరుపల్లి వచ్చింది. వాడు దిగాడు. బస్సు కదిలేదాకా నేను చెవులు రిక్కించి విన్నాను. ఏ చప్పుడూ లేదు. రోడ్డు పక్కన వాడు ఊరి వైపు మొహం పెట్టి, తల ఒక వైపుకు వంచి, నాలాగే వింటూ నిలబడి ఉన్నాడు.

తిరిగి పోవడానికి వాడికి సాయంత్రం దాకా బస్సు లేదు. నడిస్తే అయిదు గంటలు. ఆ సమయం చాలింది. పెద్దమ్మ వాళ్లు చాందా చేరారని మాకు చాలా రోజులకు తెలిసింది. ఆ చలికాలం, సర్కారు మారిన తరువాత, అందరూ తిరిగి వచ్చారు. పెద్దమ్మ మూటను ముడి విప్పకుండా తెచ్చి, "మరిచిపోయి పోయినవా?" అని అడిగితే, "ఇంకో చీరె కట్టుకొని పోయినక్కా" అని చెప్పింది అవ్వ. లోపల ఏముందో పెద్దమ్మకు ఆమె బతికినంత కాలం చెప్పలేదు. నన్నూ చెప్పనివ్వలేదు.

శుక్రవారం పొద్దున మామ మమ్మల్ని విమానాల మైదానానికి తీసుకుపోయాడు. అక్కడ పెట్టెలతో పాటు మనుషులను కూడా తూకం వేస్తున్నారు. రేకుల షెడ్డు కింద జనం కిక్కిరిసి ఉన్నారు. పెద్ద పెద్ద కుటుంబాలవాళ్లు, ఆడవాళ్లు ఒంటి మీద నగలన్నీ పెట్టుకుని, అన్నీ సర్దుకుని పోతున్నవాళ్లలా కూర్చున్నారు. ఎవరి మొహంలోనూ ప్రయాణపు సంతోషం లేదు. బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తా కాగితం మీద వేలు పెట్టి వెతికాడు. అవ్వ పేరు ఉంది.

"పేరున్నది. టికెట్ ఏది?"

మామ సంగతంతా చెప్పాడు. తాళం వేసిన ఇల్లు అన్నాడు, ఎవరి ఇల్లో ఎందుకు వేశారో చెప్పలేదు. అది కూడా చెప్పి ఉంటే ఆ మనిషి మనసు కరిగేదేమో తెలియదు. కాని ఆ షెడ్డులో ఎవరు ఎవరి మనిషో తెలియని రోజు అది.

"పరస్థానంల పెట్టిన్రా టికెట్?" గుమాస్తా పక్కవాడికి చెప్పి నవ్వాడు. "ఇంకేంది మరి, గదే పోతది మద్రాసుకు. మీరెందుకు?"

అవ్వ నిజంగానే కాళ్లు పట్టుకోవడానికి వంగింది. వాడు గభాలున కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. అప్పుడు గొంతు మారింది. "వద్దమ్మా. నిన్న గిట్లనే ఒక్క పేరు మీద ఇద్దరొచ్చిన్రు. కాయితం లేంది ఎక్కిస్తే నా నౌకరి పోవుడు కాదు, నేనే పోత" అన్నాడు. మా వెనక ఒకాయన సీటు కోసం రెండు రోజులుగా అక్కడే ఉన్నాడట. అవ్వ సీటు ఆయనకు పోయింది. తూకం వేయించుకుని, మా వైపు చూడకుండా నడిచిపోయాడు.

విమానం లేచింది. అవ్వ అటు చూడలేదు. నా వైపు తిరిగి, "ఎప్పుడు దిగుతది?" అని అడిగింది. చెప్పాను. "బావ మైదానానికి వచ్చి నిలవడతడు," అంది. "ఉత్త చేతుల్తో దవాఖానకు పోతడు. అది బల్ల ఎక్కదు."

అక్కడి నుంచి తంతి ఆఫీసుకు పోయాం. అవ్వ రావడం లేదు, ఆపరేషన్ కానివ్వండి అని రాయబోయాడు బాపు.

"గట్ల రాయకుండ్రి. బయలెల్లింది అని రాయుండ్రి."

"అబద్ధం తంతి కొట్టాల్నా?"

"అబద్ధం ఎట్లయితది? బుధవారం పొద్దుగాల మంచి గడియల బయలెల్లిన. వస్తున్న. గాలిమోటారు దొరకలే, తొవ్వల ఉన్న. బల్ల ఎక్కమనుండ్రి. కండ్లు తెరిచేటాల్లకు ఉంటనని రాయుండ్రి."

బాపు అదే రాశాడు. నేను పక్కనే ఉండి మాటలు లెక్కపెట్టాను. ఆ సాయంత్రమే ఇద్దరూ రైలెక్కారు. నన్ను మామ ఇంట్లో ఉంచారు. స్టేషనులో అవ్వ కిటికీ దగ్గర కూర్చుని, రైలు ఆగకపోతే శనివారం సాయంత్రానికి చేరతానా అని అడిగింది. ఆగకపోతే చేరతావన్నాను. ఎన్నిసార్లు ఆగుతుందో ఎవరూ చెప్పలేదు కనుక ఆ లెక్క నాకు రాదని కూడా చెప్పాను. ఆమె తల ఊపింది.

మిగిలినది బాపు చెబితే విన్నది. సరిహద్దు దగ్గర రైలు నిలిచిపోయింది. ఇటువైపు ఒకసారి సోదా, అటువైపు ఒకసారి సోదా. పెట్టెలు పట్టాల పక్కన విప్పి పరిచారు. ఒక రైలు డబ్బాలోని మగవాళ్లను దింపుకుని పోయారు, రైలు వాళ్ల కోసం ఆగలేదు. మళ్లీ కదిలేసరికి శనివారం పూర్తిగా గడిచిపోయింది. అవ్వ ఆ రోజంతా మంచినీళ్లు ముట్టలేదట.

తంతి చూసి అక్క ఆపరేషన్‌కు ఒప్పుకుంది. శనివారం పొద్దు గూకే వేళకు కళ్లు తెరిచింది. "అవ్వ దిగిందా?" అని అడిగింది. బావ "దిగింది. స్నానానికి పోయింది" అన్నాడు. "తల పోసుకుంటే మంచిగ ఆరబెట్టుకొని రమ్మను. పడిశం పడ్తది ఆమెకు" అని చెప్పి, కళ్లు మూసుకుంది. ఆదివారం తెల్లవారుజామున పోయింది.

అవ్వ, బాపు ఆదివారం మధ్యాహ్నం చేరారు. దవాఖాన మెట్ల మీదే బావ అంతా చెప్పాడు, తాను ఆడిన మాట కూడా దాచలేదు. అవ్వ ఏడవలేదట. "నల్లా ఏడుంది?" అని అడిగింది. వెనక వైపు నల్లా కింద కూర్చుని తల మీద నీళ్లు పోసుకుంది. చీర మార్చుకుంది. తరువాత జుట్టు విప్పి ఎండలో నిలబడింది. అప్పటికే ఆలస్యమైంది, ఈ ఎండకు శవాన్ని ఇంకా ఉంచలేం అని అక్కడివాళ్లు తొందరపెట్టారు. బాపు మెట్లకు అడ్డంగా నిలబడి ఎవరినీ ఆమె దగ్గరికి పోనివ్వలేదు. తల పూర్తిగా ఆరిన తరువాత, వేళ్లతో పాపట తీసుకుని, కొప్పు చుట్టుకుని, అవ్వ లోపలికి పోయింది.